గోదావరి డెల్టా శాస్త్ర దస్తరములు

విజ్ఞానశాస్త్రమనగానే ప్రయోగశాల, సూక్ష్మదర్శిని, పరీక్షనాళిక మనస్సునకు వచ్చును. కాని శాస్త్రజ్ఞుని పరికరములలో అన్నిటికంటె చవకైనది, అన్నిటికంటె ఎక్కువకాలము పనిచేయునది మరియొకటి కలదు. ఒకనాడు ఒకచోట ఒకరు చూచినదానిని, కొలిచినదానిని తేదీతో సహా వ్రాసి భద్రపరచిన కాగితమే ఆ పరికరము. కచేరీలలో ఇట్టి కాగితముల కట్టను దస్తరమందురు.

కొన్ని శాస్త్రములలో పరిశీలనను మరల చేసి చూచుటకు వీలున్నది. నీటిని విద్యుత్తుతో విడగొట్టిన ప్రతిసారియు రెండు పాళ్లు హైడ్రోజను, ఒక పాలు ఆక్సిజను వచ్చును. ఈ ప్రయోగపు పాత లెక్క పోయినను నష్టము లేదు. రేపు తరగతిలో మరల చేయవచ్చును. కాని 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను మరల రప్పించి కొలుచుట ఎవరి తరము కాదు. తుపాను, వరద, కరవు, అంటువ్యాధి ఇవన్నియు ఒక్కసారి జరిగి పోవునవి. వానిని గూర్చి ఆనాడు వ్రాసియుంచినదే పిదపవారికి ఆధారము. వ్రాయనిచో ఆ విజ్ఞానము శాశ్వతముగ పోయినట్లే.

రాజమహేంద్రవరమునకు దిగువను రెండు ప్రధాన పాయలుగ చీలి సముద్రమును చేరు గోదావరి డెల్టాలో ఈ విషయమును నిరూపించు ఉదాహరణములు మూడున్నవి. ఒకటి వాతావరణశాస్త్రమునకు, రెండవది ఇంజనీరింగునకు, మూడవది వైద్యమునకు చెందినది. చెదరియున్న వ్రాతలను ఒకచోట చేర్చినచో ఏమి తెలియునో మొదటిదానిలోను, ఎడతెగకుండ వ్రాసినచో ఏమి ఫలితమో రెండవదానిలోను, కనుగొన్నదానిని ప్రకటింపక దాచినచో ఏమి నష్టమో మూడవదానిలోను కానవచ్చును.

కోరంగి తుపాను, ఓడల దినచర్యలు

కాకినాడకు దక్షిణముగ గోదావరి పాయ ఒకటి సముద్రములో కలియుచోట కోరంగి ఉన్నది. ఇప్పుడది మడ అడవులకు ప్రసిద్ధి. 19వ శతాబ్ది పూర్వార్ధములో అది పేరుపడిన ఓడరేవు. అచ్చట ఓడలు కట్టెడివారు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసెడివారు. 1839 నవంబరు 25వ తేదీన గొప్ప తుపాను ఆ తీరమును తాకినది. గాలితోపాటు సముద్రము పొంగి భూమిపైకి వచ్చినది. దీనినే తీరవాసులు ఉప్పెన అందురు. ఆ దెబ్బనుండి కోరంగి రేవు పూర్తిగా తేరుకొనలేదు.

ఈ తుపాను సంగతి కలకత్తాలోనున్న హెన్రీ పిడింగ్టన్ దృష్టికి వచ్చెను. అతడు పూర్వము ఓడ కెప్టెనుగ పనిచేసినవాడు. తుపానులు ఏ నియమము ననుసరించి తిరుగునో తెలిసికొనవలెనని అతని పట్టుదల. అంతకు కొద్ది సంవత్సరములకు ముందే అమెరికాలో రెడ్ ఫీల్డ్, ఇంగ్లండులో రీడ్ అనువారు తుపానుగాలి నేరుగ వీచదనియు, ఒక కేంద్రము చుట్టును సుడి తిరుగుననియు వాదించియుండిరి. బంగాళాఖాతములో అది నిజమో కాదో తేల్చుటకు తుపాను మధ్యకు పోయి కొలుచువారెవరు? అయితే కొలిచినవారు అప్పటికే ఉన్నారు. వారు తుపానులో చిక్కి బయటపడిన నావికులు.

ప్రతి ఓడలోను లాగుబుక్కు అను దినచర్య పుస్తకముండును. ఓడ ఏ అక్షాంశ రేఖాంశములలో ఉన్నది, గాలి ఏ దిక్కునుండి వీచుచున్నది, భారమితి ఎంత చూపుచున్నది అను సంగతులను గంటల ప్రకారము అందులో వ్రాసెదరు. వ్రాసినవారికి తుపాను సిద్ధాంతముతో పనిలేదు. ఓడ నడుపుటకే వారు వ్రాసిరి. పిడింగ్టన్ ఇట్టి పుస్తకములలోని వ్రాతలను సేకరించి, ఒకే గంటకు వేర్వేరు ఓడలు చూచిన గాలిని ఒకే పటముపై గుర్తించెను.

ఈ పద్ధతిని తరగతిలో నల్లబల్లపై చూపవచ్చును. ఉత్తరార్ధగోళములో తుపానుగాలి కేంద్రము చుట్టును గడియారపు ముల్లునకు ఎదురు దిశలో తిరుగును. కావున కేంద్రమునకు పడమట నున్న ఓడకు గాలి ఉత్తరమునుండి వీచును. కేంద్రమునకు ఉత్తరమున నున్న ఓడకు గాలి తూర్పునుండి వీచును. ఒకే గంటలో ఒక ఓడ ఉత్తరపు గాలి అనియు, మరియొక ఓడ తూర్పు గాలి అనియు వ్రాసినవనుకొందము. మొదటి ఓడకు సరిగా తూర్పుగ ఒక గీత, రెండవ ఓడకు సరిగా దక్షిణముగ ఒక గీత గీసినచో ఆ రెండును కలిసినచోటనే తుపాను కేంద్రముండును. గాలి కొంత లోపలికి ఒరిగి వీచును గనుక ఈ స్థానము ఉరమరికయే; కాని ఓడల సంఖ్య పెరిగినకొలది తప్పు తగ్గును. మరుసటి గంటలకు గూడ ఇట్లే చేసినచో తుపాను నడచిన దారి పటముపై తేలును.

కోరంగి తుపానుపై పిడింగ్టన్ వ్రాసిన పరిశోధన వ్యాసము 1840లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఇట్టి వ్యాసములను వరుసగ వ్రాసి, నావికులకు పనికివచ్చు గ్రంథమును 1848లో ప్రకటించెను. వలయములు ముద్రించిన పారదర్శకమైన కొమ్ముబిళ్లలను ఓడ పటముపై ఉంచి కేంద్రము ఎటున్నదో చూచుకొను ఉపాయము అందులో కలదు. పాము చుట్టను సూచించు గ్రీకు మాటనుండి అతడు కల్పించిన సైక్లోను అను పేరు ఆ గ్రంథము ద్వారానే లోకమున వ్యాపించినది. ప్రపంచమంతట వాడుకలోనున్న ఈ శాస్త్రపదము వెనుక ఉన్న పరిశోధనలలో గోదావరి తీరపు తుపాను ఒకటి అని విద్యార్థులు గుర్తుంచుకొనదగును.

కోరంగి తుపాను నవంబరు 25న వచ్చినది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినది. కోనసీమను నాశనముచేసి వేయిమందికి పైగా బలిగొన్న తుపాను 1996 నవంబరు 6న వచ్చినది. ఈ మూడు తేదీలను ప్రక్కప్రక్కన వ్రాసినంతనే ఈ తీరమునకు ఏ నెల మిక్కిలి ప్రమాదకరమో తెలియుచున్నది. ఒక్క తుపానును ఎంత బాగుగ చూచినను ఈ సంగతి తెలియదు. తేదీలు నిలిచియుండుటచేతనే తెలిసినది.

ఒక సంఖ్యను పరీక్షించుట

పాత వ్రాతలు జ్ఞానమునిచ్చుటయేగాక, అబద్ధమును పట్టుటకు గూడ తోడ్పడును. కోరంగి తుపానులో 3 లక్షలమంది చనిపోయిరనియు, 20 వేల నావలు మునిగిననియు అనేక జాబితాలలో కాననగును. ఒకరిని చూచి మరియొకరు ఈ సంఖ్యను ఎత్తివ్రాయుచున్నారు. ఇది నమ్మదగినదేనా?

మదరాసు రాజధానిలో క్రమమైన జనాభా లెక్కలు 1871లో మొదలైనవి. అంతకుముందు రెవెన్యూవారు వేసిన ఉరమరిక లెక్కలే ఆధారము. ఆ లెక్కల ప్రకారము రాజమండ్రి జిల్లా మొత్తపు జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841లో సుమారు 5 లక్షల 61 వేలు. అనగా ఈ ఇరువది సంవత్సరములలో తగ్గినది సుమారు 1 లక్ష 77 వేలు. ఈ తగ్గుదలలో 1833 నాటి ఘోరమైన కరవువలన చనిపోయినవారు, ఊళ్లు విడిచి వలసపోయినవారు గూడ చేరియున్నారు. ఒకవైపు జననములు జరుగుచునే ఉన్నను, ఇంత పెద్ద జిల్లాలో ఒక్కదినమున 3 లక్షలమంది పోయి రెండు సంవత్సరములలో 5 లక్షల 61 వేలమంది మిగిలియుండుట నమ్మశక్యము కాదు.

ఆనాటి జనాభా లెక్కలు గూడ నిర్దుష్టములు కావు. అయినను రెండు వేర్వేరు కచేరీల వ్రాతలను ఒకదానితో నొకటి సరిచూచుటవలన ఎంత సందేహింపవలెనో తెలిసినది. ప్రయోగశాలలో ఒక కొలతను రెండు పద్ధతులతో సరిచూచునట్లే దస్తరములలో గూడ సరిచూడవలెను. తుపాను ఘోరమైనదనుటలో సందేహము లేదు, అనేకులు చనిపోయిరి. ఆ దుఃఖమునకు గౌరవమిచ్చుటయనగా సంఖ్యను పెంచుట కాదు, నిజమును వెదకుట.

ధవళేశ్వరపు గేజి

కరవులచే, తుపానుచే చితికిన జిల్లా స్థితిని విచారించుటకు సర్ హెన్రీ మాంట్గొమరీ నియమింపబడెను. అతడు 1844లో నివేదిక సమర్పించెను. అదే సంవత్సరమున ఆర్థర్ కాటన్ తన మొదటి నివేదికను, 1845లో రెండవదానిని వ్రాసెను. ఈ నివేదికలలో కాటన్ చేసిన వాదము గమనింపదగినది. గోదావరిలో నీరు పుష్కలముగ ఉన్నది, నేల సారవంతము, అయినను ప్రజలు దరిద్రులు. తంజావూరులో కావేరి డెల్టా పోలికకు ఇట్టిదే. కాని అచ్చట కాలువలున్నవి కాబట్టి ఆదాయము, జనాభా పెరుగుచున్నవి. రెండు జిల్లాల లెక్కలను ప్రక్కన పెట్టి, భేదమునకు కారణము నీటిపారుదల అని అతడు చూపెను. నదికి అడ్డముగ గోడ కట్టుటకు ముందు అతడు అంకెలతో వాదమును కట్టెను.

1846 డిసెంబరులో అనుమతి వచ్చినది. 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట ముగిసినది. లంకలను మధ్యనుంచుకొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండములుగ దానిని కట్టిరి. లంకలను విడిచి గోడల పొడవు సుమారు 12 వేల అడుగులు. ఈ పనిలో కాటన్ కు కుడిభుజమైన వీణెం వీరన్న పేరు డెల్టాలో నేటికిని తలపబడుచున్నది. పనులన్నిటి చరిత్రను జి. టి. వాల్చ్ అను ఇంజనీరు ప్రభుత్వ దస్తరములనుండి సంకలనముచేసి 1896లో ప్రకటించెను. నలువది సంవత్సరముల అనుభవము, ఎచ్చట గండి పడినది, ఎట్లు పూడ్చిరి అను సంగతులు అందువలన తరువాతి ఇంజనీర్లకు అందినవి.

ఆనకట్ట నీటిని నిలుపుటయేగాక నీటిని కొలుచు సాధనము గూడ అయినది. గోడ అంచుపైనుండి ఎంత ఎత్తున నీరు పొర్లుచున్నదో తెలిసినచో, సెకనుకు ఎన్ని ఘనపుటడుగులు పోవుచున్నదో లెక్కకట్టవచ్చును. సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహమును క్యూసెక్కు అందురు. ప్రవాహము ఎత్తునకు ఒకటిన్నర ఘాతముగ పెరుగును. అనగా పొర్లు నీటి ఎత్తు నాలుగు రెట్లయినచో ప్రవాహము ఎనిమిది రెట్లగును. పెద్ద వరదలో దిగువ నీరు గూడ గోడ అంచును మించి లేచును గనుక అప్పుడు ఈ సూత్రమును సవరింపవలెను. ఏమైనను మొదట కావలసినది కొలబద్దపై నీరు చూపిన అంకె, దానికి తేదీ, గంట. ఇరువదవ శతాబ్ది ఆరంభమునుండి ధవళేశ్వరపు ప్రవాహపు లెక్కలు ప్రపంచనదుల సంకలనములలో సైతము చేరియున్నవి. వానలో, అర్ధరాత్రి, లాంతరు పట్టుకొని గేజి చూచి చిట్టాలో వ్రాసినవారి పేర్లు చాలవరకు ఎవరికిని తెలియవు. వారి అంకెలు మాత్రము నిలిచినవి.

ఎడతెగని ఈ అంకెలవలన లాభమేమి? ఒక గేజివద్ద 49 సంవత్సరముల గరిష్ఠ వరదల పట్టిక ఉన్నదనుకొందము. వానిని పెద్దదానినుండి చిన్నదానికి వరుసలో వ్రాయవలెను. సంవత్సరముల సంఖ్యకు ఒకటి కలిపి వరుస సంఖ్యచే భాగించినచో, అంతటి వరద సగటున ఎన్ని సంవత్సరములకొకసారి వచ్చునో తెలియును. మొదటిదానికి 50 సంవత్సరములు, అయిదవదానికి 10 సంవత్సరములు. పట్టిక పది సంవత్సరములదే అయినచో నూరు సంవత్సరముల వరదను గూర్చి చెప్పగలిగినది మిక్కిలి స్వల్పము.

ఇచ్చట ఒక పొరపాటును తొలగించుకొనవలెను. నూరేండ్లకొకసారి వచ్చు వరద అనగా, అది ఈ ఏడు వచ్చినచో ఇక నూరేండ్లు రాదని అర్థము కాదు. ప్రతి సంవత్సరమును అది వచ్చు సంభావ్యత నూటికి ఒకటి. ఈ లెక్కను 30 సంవత్సరములకు పొడిగించినచో, ఒక్కసారియైన వచ్చు సంభావ్యత నూటికి 26. ఏటిగట్టు ప్రక్కన ఇల్లు కట్టుకొన్న కుటుంబమునకు ఇది చిన్న సంఖ్య కాదు.

1953లో గోదావరికి సుమారు 30 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. పాత ఆనకట్ట స్థానములో 175 తలుపులతో కట్టిన బారేజి 1982లో పూర్తియైనది. నాలుగేండ్లు గడవకముందే, 1986 ఆగస్టులో, సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. అప్పుడు భద్రాచలమువద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. 1953 నాటి అంకెను అదే గరిష్ఠమని నమ్మియున్నచో 1986 ఆ నమ్మకమును వమ్ముచేసెడిది. పోలవరము స్పిల్వేను 50 లక్షల క్యూసెక్కులను దింపుటకు రూపొందించుటలో ఈ అనుభవమంతయు ఇమిడియున్నది. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గూడ లంకవాసులను ఎప్పుడు తరలింపవలెనో చెప్పినవి గేజి అంకెలే. ధవళేశ్వరమున నీరు 11.75 అడుగులకు చేరినచో మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది.

దేశమంతయు మీటర్లకు మారినను ఈ హెచ్చరికలు అడుగులలోనే నిలుచుట ఊరక జరిగినది కాదు. ఏ అడుగుకు ఏ ఊరిలోనికి నీరు వచ్చునో లంకలలోని పెద్దలకు కంఠతా వచ్చును. పాత పట్టికతో కొత్త అంకెను నేరుగ పోల్చుటకు కొలబద్ద మారకుండుట అవసరము. మార్చవలసివచ్చినచో ఎప్పుడు, ఎంత మార్చితిమో వ్రాయవలెను. ఆనకట్ట అంచును తరువాత కాలములో ఎత్తుచేసిరి. ఆ సంగతి తెలియక అంతకుముందు, ఆ తరువాతి మట్టములను పోల్చినవాడు నది మారినదని భ్రమపడును, మారినది గోడ.

ప్రకటింపని పరిశోధన

భీమవరమున 1895 జనవరి 12న జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు రాజమండ్రిలోను మదరాసులోను చదివి, పిదప అమెరికా చేరిరి. హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్ అను జీవరసాయన శాస్త్రజ్ఞునితో కలిసి, రక్తములోను మూత్రములోను ఉండు భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొనిరి. ద్రవమునకు మాలిబ్డేటు లవణమును, తగిన క్షయకరణిని చేర్చినచో నీలిరంగు వచ్చును. రంగు ఎంత చిక్కనైనచో భాస్వరము అంత ఎక్కువ. ఈ పద్ధతి 1925లో అచ్చయినది. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అను పేర అది జీవరసాయన గ్రంథములకెక్కి, లోకమందలి ప్రయోగశాలలన్నిటికిని ప్రాకినది. అచ్చయిన కాగితపు శక్తి అట్టిది.

కండనుండి తీసిన ద్రవములో ఈ నీలిరంగు వెంటనే రాక, ఆలస్యముగ చిక్కబడుట వారు గమనించిరి. మరియొకరైనచో ప్రయోగము చెడినదని పారబోసియుందురు. వారు ఆ ఆలస్యమును వ్రాసియుంచి, కారణము వెదకిరి. సులభముగ విడిపోవు భాస్వర సమ్మేళనమొకటి కండలో ఉన్నట్లు తేలినది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటింపబడినది. కణములకు శక్తినిచ్చు ఎ.టి.పి.ని 1929లో వారు కనుగొని ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ గూడ దానిని స్వతంత్రముగ కనుగొనెను.

అయితే ఆ ప్రయోగశాలలో సుబ్బారావు గారు సాధించినదంతయు అచ్చుకెక్కలేదు. అదే ప్రయోగశాలలో విద్యార్థిగానుండి, తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ ఈ సంగతిని చెప్పియున్నారు. సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులు ప్రకటనకు నోచుకొనకపోవుటచే, వానిని సంవత్సరముల తరువాత ఇతరులు మరల కనుగొనవలసివచ్చినదని ఆయన మాటల సారాంశము. ఒక మనిషికి రావలసిన కీర్తి పోవుట ఇందు ఒక నష్టము మాత్రమే. ఒకసారి చేసిన పనిని లోకము రెండవసారి చేయవలసివచ్చుట అంతకంటె పెద్ద నష్టము. ఎస్. పి. కె. గుప్త లేఖలను, దస్తరములను, తోటివారి మాటలను సేకరించి 1987లో సుబ్బారావు గారి జీవితచరిత్రను ప్రకటింపకున్నచో ఇందులో చాల సంగతులు మరుగునపడియుండును.

1940లో సుబ్బారావు గారు లెడర్లీ ప్రయోగశాలలకు పోయిరి. అచ్చట వారి నాయకత్వమున పనిచేసిన బృందములు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసినవి. దానికి విరోధిగా పనిచేయు అమినోప్టెరిన్ ను సిడ్నీ ఫార్బర్ రక్తపు కేన్సరుతో బాధపడు పిల్లలకిచ్చి, తాత్కాలికముగానైనను వ్యాధి తగ్గినదని 1948లో ప్రకటించెను. ఆ ప్రయోగశాలలనుండి 1947లో వెలువడిన మరియొక మందు డైఇథైల్ కార్బమజీన్. ఇది బోదకాలు వ్యాధికి కారణమైన పురుగులపై పనిచేయును. 1948 ఆగస్టులో సుబ్బారావు గారు పరమపదించిరి.

గంట వ్రాయని రక్తపరీక్ష

బోదకాలు డెల్టావాసులకు కొత్త కాదు. మురుగునీటిలో పెరుగు క్యూలెక్సు దోమ దీనిని ఒకరినుండి ఒకరికి చేర్చును. భీమవరమున పుట్టినవారి బృందము కనుగొన్న మందు భీమవరము, రాజమండ్రి ప్రాంతముల ప్రజలకే అవసరమైనదగుట విశేషము. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలైనది. దానికి శిక్షణ, పరిశోధన కేంద్రములలో ఒకటి రాజమండ్రిలో వెలసినది.

ఈ వ్యాధి పరిశీలనలో ఒక చిత్రమైన నియమమున్నది. పురుగుల పిల్లలు పగటివేళ ఊపిరితిత్తుల లోపలి రక్తనాళములలో ఉండి, రాత్రివేళ వెలుపలి రక్తములోనికి వచ్చును. దోమ కుట్టు వేళకు ఇది సరిపోవును. కావున మధ్యాహ్నము తీసిన రక్తపుచుక్కలో పురుగు కానరాకపోయినంతమాత్రమున వ్యాధి లేదనరాదు. అందుచేతనే సిబ్బంది రాత్రివేళ ఇంటింటికి పోయి, వ్రేలినుండి రక్తము తీసి, గాజుపలకపై ఆరబెట్టి, ఊరు, ఇంటి సంఖ్య, వయస్సు, గంట వ్రాసెదరు.

ఒక ఊరి పట్టికలో నూటికి సున్న అని ఉన్నదనుకొందము. ఆ రక్తమును ఏ గంటకు తీసిరో వ్రాయనిచో ఆ సున్నకు అర్థము లేదు. వ్యాధి లేకపోవుటవలన సున్న వచ్చినదా, పగలు తీయుటవలన వచ్చినదా? 2004 నుండి సామూహికముగ మందు పంపిణీ జరిగినది. రక్తములో పురుగులున్నవారు నూటికి ఒకరికంటె తక్కువైనచో పంపిణీ ఆపుటను గూర్చి ఆలోచింతురు. గంట వ్రాయని సున్నను నమ్మి మందు ఆపినచో వ్యాధి మరల తలయెత్తును. ఒక్క గడిలో వ్రాయుట మానినందుకు ఒక ఊరు మూల్యము చెల్లింపవలసివచ్చును.

మంచి దస్తరము లక్షణములు

ఈ ఉదాహరణములనుండి మంచి శాస్త్ర దస్తరమునకు ఉండవలసిన లక్షణములు తేలుచున్నవి. ఏమి కొలిచిరి, ఏ ప్రమాణములో కొలిచిరి, ఎచ్చట, ఏ తేదీన, ఏ గంటకు, ఏ పరికరముతో, ఏ పద్ధతిలో, ఎవరు కొలిచిరి అను ప్రశ్నలకు అందులో జవాబుండవలెను. కొట్టివేత ఉన్నచో పాత అంకె కనబడునట్లు ఒక్క గీతతో కొట్టివేయవలెను. కొలువని దినమున సున్న వేయరాదు, కొలువలేదని వ్రాయవలెను. సున్నకును ఖాళీకిని గల భేదము తెలియనివాడు వాన రాని దినమును, వానమాపకము చూడని దినమును ఒకటిగ చేయును.

స్థలము పేరు వ్రాయుటలోను జాగ్రత్త కావలెను. రాజమండ్రి జిల్లా 1859లో గోదావరి జిల్లాగ మారినది. అప్పుడు సరిహద్దులు గూడ మారినవి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను మరల విభజించి కాకినాడ, కోనసీమ, ఏలూరు మొదలగు జిల్లాలను ఏర్పరచిరి. 1891 జనాభా లెక్కలలో గోదావరి జిల్లాకు 20 లక్షలకు పైగా జనాభా ఉన్నట్లున్నది. దీనిని 1841 నాటి 5 లక్షల 61 వేలతో పోల్చి, ఆనకట్టవలన జనాభా నాలుగు రెట్లయినదనుట తప్పు. ఆనకట్టవలన జనాభా పెరిగినమాట నిజమే. కాని జిల్లా వైశాల్యము గూడ మారినది. తూర్పు గోదావరి అని 2010లో వ్రాసిన చిట్టాకు, 2023లో వ్రాసిన చిట్టాకు పేరు ఒకటే, నేల వేరు. కావున గ్రామము పేరు తప్పక వ్రాయవలెను.

వ్రాసినంతమాత్రమున చాలదు, కాపాడవలెను. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. బూజు, చెదలు, వెండిపురుగు కాగితమునకు శత్రువులు. చెక్కగుజ్జుతో చేసిన పాత కాగితములో ఆమ్లముండుటచే అది తనంతట తానే పెళుసుబారి పొడియగును. వరద వచ్చినచో వరద లెక్కలే మునుగు ప్రమాదమున్నది. అందుచేత ప్రతులు రెండు వేర్వేరు చోట్ల ఉండవలెను. కంప్యూటరులోనికి ఎక్కించినచో ఇక భయము లేదనుకొనుటయు సరికాదు. ఫ్లాపీ డిస్కులో దాచినదానిని చదువు యంత్రము నేడు దొరకుట అరుదు. 1840 నాటి అచ్చుప్రతిని చదువుటకు మాత్రము కన్నులు చాలును. కంప్యూటరు ప్రతులను కొన్ని సంవత్సరములకొకసారి కొత్త రూపములోనికి మార్చుచుండవలెను.

ఉన్నత పాఠశాలలో ఈ విద్యను నేర్పుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఒక వానమాపకము, ఒక ఉష్ణమాపకము, పాఠశాల బావిలో నీటిమట్టము కొలుచుటకు ముడులు వేసిన తాడు, ఒక గట్టి అట్ట పుస్తకము చాలును. ప్రతిదినము ఒకే గంటకు కొలిచి వ్రాయుట, సెలవుదినములకు వంతులు వేసికొనుట, సంవత్సరాంతమున ఒక ప్రతిని పాఠశాలలోను ఒక ప్రతిని గ్రంథాలయములోను ఉంచుట విద్యార్థులకు సాధ్యమైన పనియే. సముద్రతీర గ్రామములలో బావినీటి ఉప్పదనమును గూడ కొలిచి వ్రాసినచో, ఉప్పునీరు లోపలికి ఎంత వచ్చుచున్నదో కొన్ని సంవత్సరములలో తెలియును. మొదటి ఏడు ఆ పుస్తకములో విశేషమేమియు కానరాదు. పదవ ఏట అది పట్టిక యగును. ఏబదవ ఏట దానిని వ్రాసిన పిల్లల మనుమలు ఏ కాలువకు ఎంత తూము పెట్టవలెనో దానిని చూచి నిర్ణయింతురు.